పాత పిస్టల్‌కి చవక మ్యాగజైన్లు: ఏది కొనాలి, ఏది వదిలెయ్యాలి?

తొలిగురి · ఆదివారం, సాయంత్రం 6:12

అందరికీ నమస్కారం. చాలాకాలంగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి. మా మామయ్యగారి బ్రౌనింగ్ హై-పవర్ లైసెన్సు ఈమధ్యే నా పేరు మీదకి మారింది. పిస్టల్ చాలా బాగుంది, ఆయన ప్రాణంలా చూసుకున్నారు. కానీ దాంతో వచ్చింది ఒకే ఒక్క మ్యాగజైన్ (తూటాలు నింపి పిడిలోకి తోసే డబ్బా). దాని పెదవులు, అంటే పైన తూటాని పట్టి ఉంచే అంచులు, కాస్త విచ్చుకున్నట్టున్నాయి, ఒక పక్క సొట్ట కూడా పడింది. ఒరిజినల్ ఇంకొకటి కొందామంటే దొరకడమే కష్టం. దొరికినచోట ధర చూసి వెనక్కి తగ్గాను. చివరికి పేరు తెలియని కంపెనీవి రెండు, ఒరిజినల్ ధరలో నాలుగో వంతుకే వస్తున్నాయని తెప్పించాను.

నిన్న రేంజ్‌కి పట్టుకెళ్లాను. మొదటిదాంట్లో 13 పట్టాలి. 11 నింపేసరికి బొటనవేలు వాచిపోయింది, ఇక దిగలేదు. కాలుస్తుంటే మూడుసార్లు తూటా ముక్కు కిందికి వంగి ర్యాంప్‌కి (తూటా గొట్టంలోకి ఎక్కే వాలుకి) గుచ్చుకుంది. రెండోది తూటాలు బాగానే అందించింది గానీ బటన్ నొక్కితే కిందికి రాదు, చేత్తో పట్టుకుని లాగాల్సిందే.

అన్నిటికంటే వింత ఏమిటంటే, ఈ కొత్తవి పెట్టినప్పుడు ట్రిగ్గర్ ఇసుకలో నడిచినట్టు గరగరలాడుతోంది. మామయ్యగారి పాత మ్యాగజైన్ పెడితే మళ్లీ నున్నగా ఉంది. మ్యాగజైన్ మారిస్తే ట్రిగ్గర్ మారడమేమిటి? పిస్టల్‌కే ఏదైనా అయిందేమోనని టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

బెల్జియంపిచ్చి · ఆదివారం, సాయంత్రం 6:50

తమ్ముడూ, ముందు కంగారు తగ్గించుకో. పిస్టల్‌కి ఏమీ కాలేదు. నువ్వు చెప్పిన ట్రిగ్గర్ గరగర హై-పవర్ ఉన్న ప్రతివాడికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యేదే.

ఆ పిస్టల్‌లో మ్యాగజైన్ సేఫ్టీ ఉంటుంది. మ్యాగజైన్ లేకపోతే ట్రిగ్గర్ నొక్కినా పేలకూడదని పెట్టారు. ట్రిగ్గర్‌కే ఒక చిన్న ప్లంజర్ (ఒత్తే కడ్డీ) బిగించి ఉంటుంది, అది వెనక్కి వచ్చి మ్యాగజైన్ ముందు గోడని ఒత్తుకుని ఉంటుంది. నువ్వు ట్రిగ్గర్ లాగిన ప్రతిసారీ ఆ ప్లంజర్ మ్యాగజైన్ గోడ మీద జారుతుంది. గోడ నున్నగా ఉంటే ట్రిగ్గర్ నున్నగా ఉంటుంది, గరుకుగా ఉంటే ఆ గరుకంతా నీ వేలికి తెలుస్తుంది. మీ మామయ్యగారి మ్యాగజైన్ ముందువైపు వెలుతురులో పెట్టి చూడు. పైనుంచి కొంచెం కిందగా, సన్నగా మెరిసే గీత ఒకటి కనిపిస్తుంది. ఏళ్ల తరబడి ప్లంజర్ రాసుకుని రాసుకుని పడిన గీత అది. కొత్తవాటికి మచ్చలేని బూడిదరంగు గరుకు పూత ఉండి ఉండాలి. అవునా?

రెండోది కిందికి రాలకపోవడానికి కూడా సగం కారణం ఇదే ప్లంజర్. అది ముందునుంచి ఒత్తుతూ మ్యాగజైన్‌ని పట్టి ఉంచుతుంది. ఒరిజినల్స్ కూడా చాలావరకు వాటంతటవి జారిపడవు. అందుకే ఫ్యాక్టరీ వాళ్లు కొన్ని మ్యాగజైన్లకి అడుగున ఎలుకలబోను లాంటి స్ప్రింగ్ పెట్టారు. బటన్ నొక్కగానే అది తన్ని బయటికి నెడుతుంది.

తూటా ముక్కు వంగడం మాత్రం వేరే కథ. దాని గురించి స్ప్రింగుచుట్ట గారు వచ్చి చెబితేనే బాగుంటుంది.

ఆదివారంరేంజ్ · ఆదివారం, రాత్రి 8:05

నాదీ హై-పవరే. ఆ మ్యాగజైన్ సేఫ్టీ పీకేస్తే గొడవ వదిలిపోతుంది కదా, చాలామంది తీసేయిస్తారు. ట్రిగ్గర్ వెన్నలా అవుతుంది, మ్యాగజైన్లు టపటపా రాలతాయి.

బెల్జియంపిచ్చి · ఆదివారం, రాత్రి 8:21

నేను ఒప్పుకోను. తీసేయించేవాళ్లు ఉన్నారు, నిజమే. కానీ ఈ తమ్ముడు పిస్టల్‌కి కొత్త. ఒక రక్షణ తీసేసిన పిస్టల్ రేపు ఇంకొకరి చేతికి వెళ్తుంది, ఆ సంగతి ఎవరూ వాళ్లకి చెప్పరు. మ్యాగజైన్ తీశాం కదా, పేలదులే అనుకునే మనిషి చేతిలో పడితే ఏమవుతుంది? పైగా కొన్నిచోట్ల అలా మార్చిన పిస్టల్ లైసెన్సు విషయంలో కూడా చిక్కు తెస్తుంది. తప్పు మ్యాగజైన్ గోడదైతే గోడని బాగుచేసుకోవాలి, పిస్టల్‌ని కాదు.

స్ప్రింగుచుట్ట · ఆదివారం, రాత్రి 9:30

తొలిగురి గారూ, ఒక ప్రశ్న. ముక్కు వంగింది నిండా నింపిన కొత్తలోనా, మధ్యలోనా, చివర్లోనా? "మూడుసార్లు" అన్నారు గానీ ఎన్నో తూటా దగ్గరో చెప్పలేదు. రోగం ఎక్కడుందో తెలిసేది అక్కడే.

మొదటి తూటాకే ఇబ్బంది వస్తే ఎక్కువసార్లు లోపల బిగుతు ఉన్నట్టు. తూటాల దొంతర ఒకదాన్నొకటి నొక్కుకుని, స్లైడ్ (పిస్టల్ మీద ముందుకీ వెనక్కీ కదిలే పైభాగం) వాటిని ముందుకు తోసుకుపోలేకపోతుంది. చివరి రెండు తూటాలకి ఇబ్బంది వస్తే స్ప్రింగ్‌ని అనుమానించాలి. స్ప్రింగ్ పూర్తిగా విప్పుకున్నది అప్పుడే, దాని బలం అన్నిటికంటే తక్కువగా ఉండేదీ అప్పుడే. ఫాలోయర్ (స్ప్రింగ్ మీద కూర్చుని తూటాలని పైకి నెట్టే పలక) పైకి రావడం క్షణం ఆలస్యమైనా స్లైడ్ వచ్చి తూటాని సగంలో తగులుతుంది, ముక్కు కిందికి దిగిపోతుంది.

తొలిగురి · సోమవారం, ఉదయం 7:15

బెల్జియంపిచ్చి గారూ, మీరు చెప్పినట్టే ఉంది! పాతదాని మీద వెంట్రుకంత సన్నటి మెరుపు గీత ఉంది. కొత్తవి రెండూ బూడిదరంగే, గోరుతో గీస్తే గరగరమంటోంది. రాత్రి నిద్ర పట్టింది, చాలా థాంక్స్.

స్ప్రింగుచుట్ట గారూ, గుర్తు చేసుకున్నాను. రెండుసార్లు ఆఖరి తూటా, ఒకసారి దాని ముందుది. మరి స్ప్రింగ్ బలహీనమైతే నింపేటప్పుడు 11 దగ్గరే అంత గట్టిగా ఎందుకుంది? అదే అర్థం కాలేదు.

స్ప్రింగుచుట్ట · సోమవారం, ఉదయం 7:48

మంచి ప్రశ్న వేశారు. నింపేటప్పుడు గట్టిగా, కాల్చేటప్పుడు చివర్లో నీరసంగా ఉందంటే స్ప్రింగ్ తప్పు కాకపోవచ్చు, ఫాలోయర్ లోపల ఎక్కడో తట్టుకుంటోంది. ఇంటికెళ్లాక ఇలా చెయ్యండి. పిస్టల్ పెట్టెలో ఉండాలి, ఆ గదిలో తూటా ఒక్కటి కూడా ఉండకూడదు. ఖాళీ మ్యాగజైన్ చేతిలో పట్టుకుని పెన్సిల్ వెనకవైపుతో ఫాలోయర్‌ని అడుగు దాకా నొక్కి, నెమ్మదిగా వదలండి. ఒకే వేగంతో పైకి రావాలి. ఎక్కడైనా ఆగి, ఎగిరినట్టు వస్తే అక్కడ పెన్నుతో బయట గుర్తు పెట్టుకోండి. తర్వాత అడుగు పలక జరిపి, స్ప్రింగ్ ఎగిరి కంట్లో పడకుండా బొటనవేలు అడ్డం పెట్టి, విడదీసి టార్చ్ వేసి లోపల చూడండి. విడదీసే ముందు స్ప్రింగ్ ఏ వైపు తిరిగి ఉందో ఫోటో తీసుకోండి. తిరగేసి పెడితే ఫాలోయర్ ముందుకి వాలిపోతుంది, అప్పుడు లేని రోగం కొత్తగా వస్తుంది.

తుప్పుగీకుడు · సోమవారం, మధ్యాహ్నం 1:20

నా అనుభవం కూడా చెబుతాను. నా దగ్గర పాతవి నాలుగున్నాయి, ఒక్కదానికీ కొత్త ఒరిజినల్ మ్యాగజైన్ దుకాణంలో దొరకదు. మొదట్లో నేనూ కొత్తగా మెరుస్తున్న చవకవి కొన్నాను. ఇప్పుడు పాత సైన్యాలు వదిలించుకున్న సర్‌ప్లస్ (మిగులు) ఒరిజినల్స్ మాత్రమే వెతుకుతాను. చూడ్డానికి అసహ్యంగా ఉంటాయి. గ్రీజు గడ్డకట్టి, పూత పోయి, అక్కడక్కడా తుప్పు చుక్కలుంటాయి. కానీ ఆ రేకు మందం, ఆ పెదవుల వంపు, క్యాచ్ (పిస్టల్‌లో మ్యాగజైన్‌ని పట్టి ఉంచే కొక్కెం) పట్టుకునే ఆ గాటు ఉన్న చోటు ఫ్యాక్టరీ వాళ్లు కొలిచి పెట్టినవి. మనం మార్చాల్సింది స్ప్రింగ్ ఒక్కటే.

కిరోసిన్‌లో ఒక రాత్రి నానబెట్టి, పళ్ల బ్రష్‌తో తోమి, ఆరబెట్టి, పలచగా నూనె రాసి, కొత్త స్ప్రింగ్ వేస్తే చాలు. వుల్ఫ్ కంపెనీ పాత పిస్టళ్లకి కూడా మ్యాగజైన్ స్ప్రింగులు చేస్తుంది. పాత స్ప్రింగ్, కొత్త స్ప్రింగ్ బల్ల మీద పక్కపక్కన పెట్టి చూస్తే మనసు తరుక్కుపోతుంది. పాతది ముసలాయన నడుములా కుంగిపోయి ఉంటుంది.

కొనేటప్పుడు తుప్పు ఎక్కడుందో చూడండి. బయట గోడ మీద పైపైన ఉంటే ఫర్వాలేదు. పెదవుల మీద గుంటలు పడితే మాత్రం వద్దు. అమ్మేవాళ్లని పైనుంచి తీసిన ఫోటో అడగండి. పక్కనుంచి తీసిన ఫోటోలే పెట్టి, పైనుంచి తీయమంటే సమాధానం ఇవ్వనివాళ్ల దగ్గర కొనొద్దు.

మడమక్యాచ్ · సోమవారం, మధ్యాహ్నం 2:02

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. నాది బెరెట్టా 92ఎస్. "బెరెట్టా 92 మ్యాగజైన్" అని రాసి ఉన్నవి మూడు కొన్నాను, మూడూ లోపలికి వెళ్తాయి గానీ పట్టుకోవు, వదిలితే కింద పడిపోతున్నాయి. అమ్మినవాళ్లు "మా సరుకు సరైనదే, మీ పిస్టలే అరిగిపోయింది" అంటున్నారు. నిజంగా అరిగిందా?

బెల్జియంపిచ్చి · సోమవారం, మధ్యాహ్నం 2:40

లేదమ్మా, అరగలేదు. వాళ్లకి తెలియక అన్నారు. 1976 నాటి మొదటి 92కీ, మీ 92ఎస్‌కీ మ్యాగజైన్ విడిపించే బటన్ పిడి అడుగున ఎడమవైపు ఉంటుంది. తర్వాత వచ్చిన 92ఎస్‌బీ నుంచి దాన్ని ట్రిగ్గర్ గార్డ్ వెనక్కి తెచ్చారు. బటన్ మారితే మ్యాగజైన్‌కి పట్టు దొరికే గాటు కూడా మారుతుంది. మీరు కొన్నవి కొత్తరకం. వాటి గాటు పైన ఎక్కడో ఉంటుంది, మీ క్యాచ్ అడుగున ఉంది, ఇక అవి ఎలా కలుస్తాయి? రెండు చోట్లా గాట్లున్న మ్యాగజైన్లు కూడా ఉన్నాయి, అవైతే మీకు సరిపోతాయి. కొనే ముందు గాటు ఫోటో అడగండి.

దీని కోసం ఆకురాయితో మీరే గాటు కోసుకోకండి. కొలత వెంట్రుకవాసి తప్పినా మ్యాగజైన్ కిందికి దిగి కూర్చుంటుంది, స్లైడ్‌కి తూటా అందదు.

మడమక్యాచ్ · సోమవారం, మధ్యాహ్నం 3:10

చాలా థాంక్స్ అన్నయ్యా. ఎవరూ ఈ మాట చెప్పలేదు, పిస్టల్ అమ్మేద్దామనే దాకా వెళ్లాను.

పిట్టగోడ · సోమవారం, సాయంత్రం 5:33

ఇదొక్కటే కాదు, పేరు ఒకటే, మ్యాగజైన్ వేరు అన్న చిక్కు పాత పిస్టళ్లలో అడుగడుగునా ఉంది. సిగ్ పీ220 చూడండి. యూరప్ రకానికి క్యాచ్ పిడి మడమ దగ్గర, అమెరికా రకానికి పక్కన బటన్. ఆ రెండిటి మ్యాగజైన్లు వేరు. వాల్తర్ పీపీ, పీపీకే మ్యాగజైన్ల పొడవు వేరు. కానీ పీపీకే/ఎస్‌కి పట్టేది పీపీ మ్యాగజైన్, పీపీకేది కాదు. పేరు చూసి కొంటే తప్పే. మళ్లీ అందులోనే .32 వేరు, .380 వేరు. కోల్ట్ పాకెట్ పిస్టల్ కూడా అంతే: .32 అయితే 1903 మోడల్, 8 తూటాలు. .380 అయితే 1908 మోడల్, 7 తూటాలు. బయటినుంచి చూస్తే కవలపిల్లల్లా ఉంటాయి.

కాబట్టి ఆర్డర్ పెట్టే ముందు పిస్టల్ మీద చెక్కిన ప్రతి అక్షరం రాసుకోండి. మోడల్, క్యాలిబర్ (.32, .380 లాంటి తూటా కొలత), క్యాచ్ ఎక్కడుందో, సీరియల్ నంబర్‌ని బట్టి ఏ కాలం నాటిదో. సీరియల్ నంబర్ మాత్రం అమ్మేవాళ్లకి పంపొద్దు, మీరు చూసుకోవడానికే.

ఆదివారంరేంజ్ · సోమవారం, రాత్రి 8:44

అందరూ చవకవాటిని తిడుతున్నారు కాబట్టి వాటి తరఫున కూడా ఒక మాట. నా దగ్గర పేరులేని కంపెనీవి ఆరున్నాయి, అందులో నాలుగు బ్రహ్మాండంగా పనిచేస్తున్నాయి. రేంజ్‌లో సిమెంట్ నేల మీద పడినా బాధ లేదు. ఒరిజినల్ పడితే గుండె ఆగిపోతుంది. సాధనకి చవకవే మేలు, మన ప్రాణం దాని మీద ఆధారపడదు కదా.

స్ప్రింగుచుట్ట · సోమవారం, రాత్రి 9:15

మీ మాటలో న్యాయం ఉంది. కానీ ఆ లెక్క ఒకసారి పూర్తిగా వేద్దాం. ఆరింట్లో రెండు పనికిరాలేదంటే ఆ రెండిటి ధర కూడా మిగతా నాలుగిటి మీదే పడినట్టు. దానికి తోడు పోయిన తూటాలు, పోయిన సాయంత్రాలు. "చవక" అనేది పెట్టె మీద రాసిన ధర కాదు, పనిచేసే మ్యాగజైన్ ఒక్కదానికి మొత్తం ఎంత పడింది అన్నదే. అలా లెక్కేస్తే మధ్యరకం చాలాసార్లు చవకగా తేలుతుంది.

మధ్యరకం అంటే నా ఉద్దేశం మెక్-గార్ లాంటివాళ్లు. ఇటలీ కంపెనీ, 1965 నుంచి మ్యాగజైన్లే చేస్తోంది. పేరున్న పిస్టల్ కంపెనీలు చాలా తమ ఫ్యాక్టరీ మ్యాగజైన్లు వాళ్ల దగ్గరే చేయించుకుంటాయి. అంటే కంపెనీ ముద్ర లేకపోవచ్చు గానీ చెయ్యి అదే. హై-పవర్‌కి 13 తూటాలదీ, 15 తూటాలదీ చేస్తారు. పీ38కీ, లూగర్‌కీ కూడా చేస్తారు. తూటాల సంఖ్య మీద చట్టం పరిమితి పెట్టిన చోట్ల ఉన్నవాళ్లు ముందు ఆ సంగతి చూసుకుని కొనాలి.

బెల్జియంపిచ్చి · సోమవారం, రాత్రి 9:52

హై-పవర్ వాళ్లకి ఈ మధ్య అదృష్టం కలిసొచ్చింది, ఆ సంగతి కూడా చెప్పాలి. 1935 నాటి పిస్టల్ ఇది. జాన్ బ్రౌనింగ్ 1926లో పోయాక డ్యూడొన్నే సైవ్ పూర్తి చేశాడు. రెండు వరసల మ్యాగజైన్‌లో 13 తూటాలు పట్టించిన ఘనత ఆయనదే. దశాబ్దాల పాటు తయారైన పిస్టల్‌ని ఆపేశారని 2018లో వినగానే నాకు కడుపు తరుక్కుపోయింది, ఇక మ్యాగజైన్లు దొరకవనుకున్నాను. అలా జరగలేదు. 2021లో స్ప్రింగ్‌ఫీల్డ్ వాళ్లు ఎస్‌ఏ-35 తెచ్చారు, తర్వాత టర్కీ గిర్సాన్ వాళ్లు తమ ఎంసీపీ35 తెచ్చారు. రెండూ పాత హై-పవర్ మ్యాగజైన్లే వాడతాయి. కొత్త కాపీలు అమ్ముడవుతున్నంతకాలం మన పాతదానికి కూడా మ్యాగజైన్లు తయారవుతూనే ఉంటాయి.

ఒక్క జాగ్రత్త. 2022లో పాత హై-పవర్ చేసిన బెల్జియం కంపెనీ ఎఫ్ఎన్ వాళ్లే "హై పవర్" అని అదే పేరుతో కొత్తది తెచ్చారు. దాని మ్యాగజైన్ మన పాతదానికి పట్టదు. పేరు చూసి మోసపోవద్దు.

మీ పిస్టల్ ఏదైనా సరే, దానికి వారసులెవరో వెతకండి. స్మిత్ అండ్ వెసన్ 39కి నేరుగా మ్యాగజైన్ దొరక్కపోతే 439కి, 3906కి చేసినవి పడతాయి. పాత 59కి 5906వి పడతాయి. రూగర్ పీ85 ఉన్నవాళ్లకి పీ89, పీ95ల 9 ఎం.ఎం. మ్యాగజైన్లు సరిపోతాయి. వారసుడు ఇంకా వాడుకలో ఉంటే ధర కూడా నేల మీదే ఉంటుంది.

తుప్పుగీకుడు · మంగళవారం, ఉదయం 6:30

టోకరేవ్ ఉన్నవాళ్లకి ఒక శుభవార్త. మిగతా పిస్టళ్లలో తూటాకి దారి చూపేది మ్యాగజైన్ పెదవులే, అవి వంగితే కథ ముగిసినట్టే. టోకరేవ్ టీటీ-33లో మాత్రం తూటాని దారిలో పెట్టే అంచులు పిస్టల్ లోపల హ్యామర్ (తూటాని పేల్చే సుత్తి) అసెంబ్లీలోనే చెక్కి ఉంటాయి. యుద్ధంలో రేకు మ్యాగజైన్లు సొట్టలు పడతాయని ముందే ఆలోచించినట్టుంది. అందుకే టోకరేవ్‌కి కాస్త దెబ్బతిన్న సర్‌ప్లస్ మ్యాగజైన్ కూడా చాలావరకు పనిచేస్తుంది. పాత పిస్టళ్లలో ఇంత ఓపిక ఉన్నది నేను ఇంకోటి చూడలేదు.

మకరోవ్‌లో ఇంకో తమాషా ఉంది. హ్యామర్‌ని తోసే పెద్ద స్ప్రింగ్ కింది కొనే మ్యాగజైన్ క్యాచ్. మ్యాగజైన్ వదులుగా ఉందని మ్యాగజైన్లు మారుస్తూ కూర్చునేవాళ్లు ఒకసారి ఆ స్ప్రింగ్ కూడా చూసుకోండి.

పిట్టగోడ · మంగళవారం, ఉదయం 8:17

లూగర్ ఉన్నవాళ్లని చేతులెత్తి వేడుకుంటున్నాను: పిస్టల్ నంబరే అడుగున కొట్టి ఉన్న మ్యాగజైన్‌తో కాల్చకండి. ఒక్కో పిస్టల్‌కి రెండు మ్యాగజైన్లు ఇచ్చేవారు, రెండిటికీ పిస్టల్ నంబరే, రెండోదానికి పక్కన కూడిక గుర్తు. జతగా మిగిలినవి ఇప్పుడు చాలా అరుదు. ఒకదాని పెదవి చిట్లితే ఆ పిస్టల్ చరిత్ర సగం పోయినట్టే. ఒరిజినల్‌ని తుడిచి పెట్టెలో పెట్టుకుని, కొత్తగా చేసినవాటితో కాల్చుకోండి. ఆఫ్టర్‌మార్కెట్ మ్యాగజైన్ (పిస్టల్ కంపెనీ కాక వేరేవాళ్లు చేసింది) అంటే నకిలీ అని ముఖం తిప్పుకునేవాళ్లకి నేను చెప్పేది ఇదే. ఒరిజినల్ బతికుండాలంటే అరిగిపోవడానికి ఇంకోటి ఉండాలి.

లూగర్‌కి ఇంకో అవసరం కూడా ఉంది. దాని పిడి బాగా వాలి ఉంటుంది, స్లైడ్ బదులు ఉండే టాగిల్ (మోకాలిలా మడిచే కీలు) చాలా వేగంగా కదులుతుంది, అందుకని మ్యాగజైన్ స్ప్రింగ్ బలంగా ఉండి తీరాలి. ఎనభై ఏళ్ల స్ప్రింగ్ వేసుకుని పిస్టల్ జామ్ అవుతోందని తిట్టడం అన్యాయం.

తొలిగురి · మంగళవారం, రాత్రి 9:05

దొరికింది! స్ప్రింగుచుట్ట గారు చెప్పినట్టే పెన్సిల్‌తో నొక్కి వదిలాను. అడుగునుంచి సగం దాకా బాగానే వచ్చింది. పైనుంచి రెండు అంగుళాల దగ్గర టక్కున ఆగింది, పెన్సిల్ కదిపితే ఎగిరి పైకొచ్చింది. నాలుగుసార్లు చేశాను, నాలుగుసార్లూ అదే చోట ఆగింది. విడదీసి టార్చ్ వేస్తే వెనక అతుకు దగ్గర వెల్డింగ్ గడ్డ ఒకటి లోపలికి పొడుచుకొచ్చి ఉంది, ఆవగింజంత. ఫాలోయర్ వెనక అంచు మీద సరిగ్గా అంతే గీత పడింది. చేతిలో పెట్టుకుని చూస్తే, ఇంత చిన్నది నన్ను మూడు రోజులు తిప్పిందా అనిపించింది.

దాన్ని ఆకురాయితో తీసేయవచ్చా? లేక తిరిగి పంపెయ్యనా?

స్ప్రింగుచుట్ట · మంగళవారం, రాత్రి 9:40

తిరిగి పంపే అవకాశం ఉంటే పంపెయ్యండి. రెండంగుళాల లోతులో ఆకురాయి సరిగ్గా తిరగదు. గడ్డతో పాటు పక్క గోడ కూడా గీరుకుపోతుంది, అప్పుడు ఫాలోయర్‌కి ఇంకో అడ్డం తయారవుతుంది. అతుకు ఒకచోట అలా ఉందంటే మిగతా పొడవునా ఎలా ఉందో కూడా అనుమానమే. విడదీసిన ఫోటో, ఆ గడ్డ ఫోటో రెండూ పంపించండి, వాదన ఉండదు.

రెండోదాన్ని మాత్రం ఉంచుకోండి. అది తూటాలు అందిస్తోంది కదా, గోడ నున్నగా చేస్తే మీకు పనికొస్తుంది. పెదవుల మధ్య దూరం కాలిపర్‌తో (సన్నటి కొలతలు తీసే పనిముట్టుతో) కొలిచి రాసి పెట్టుకోండి. నెలకోసారి కొలవండి. పెదవులు విచ్చుకోవడం కంటికి కనిపించదు, అంకెల్లో ముందే తెలుస్తుంది. మీ మామయ్యగారి మ్యాగజైన్‌ది కూడా కొలవండి.

బెల్జియంపిచ్చి · మంగళవారం, రాత్రి 10:02

నున్నగా చేసే పద్ధతి చెబుతాను తమ్ముడూ. మ్యాగజైన్ పూర్తిగా విడదీసుకో, పొడి లోపల పడకూడదు. పాతదాని మీద మెరుపు గీత ఎక్కడుందో కొత్తదాని మీద అక్కడే పెన్సిల్‌తో గుర్తు పెట్టు. ఆ చిన్న మేర మాత్రమే పని, గోడంతా కాదు. 600 నంబరు ఎమెరీ కాగితం చిన్న చెక్క ముక్కకి చుట్టి, నూనె చుక్క వేసి, నిలువుగా, అంటే ప్లంజర్ జారే దిక్కుకే రుద్దు. గరుకు పోయాక 1000 నంబరుతో ముగించు. లోహం తగ్గించడం కాదు మన పని, పూత గరుకు తీయడం అంతే. గోరు జారితే ఆపేయ్. పూత పోయిన చోట తుప్పు పడుతుంది కాబట్టి వాడిన ప్రతిసారీ నూనె తుడవాలి.

ఇంకొకటి. మీ మామయ్యగారిది బాగా పాతదైతే బారెల్ ర్యాంప్‌లో చిన్న మూపురం ఉంటుంది. గుండ్రటి ముక్కున్న మామూలు తూటాలకి అది అడ్డం కాదు. ముక్కు బోలుగా ఉన్న తూటాలు పెడితే ఏ మ్యాగజైన్ అయినా అక్కడ తట్టుకుంటుంది. అది మ్యాగజైన్ తప్పు కాదు.

ఆదివారంరేంజ్ · బుధవారం, ఉదయం 7:30

బెల్జియంపిచ్చి గారూ, మ్యాగజైన్ సేఫ్టీ గురించి మీరు రాసింది రెండుసార్లు చదివాను. మా అబ్బాయి కూడా ఈమధ్య రేంజ్‌కి వస్తున్నాడు. నాది తీసేయించే ఆలోచన మానుకున్నాను, మీరు చెప్పిన ఎమెరీ పద్ధతే చేస్తాను.

వేదిక నిర్వాహకులు · బుధవారం, ఉదయం 10:00

చర్చ బాగా నడుస్తోంది, అందరికీ ధన్యవాదాలు. ఒక విన్నపం. కొన్నిచోట్ల విడి మ్యాగజైన్ కొనడానికీ, దిగుమతి చేసుకోవడానికీ అనుమతి కావాలి, తూటాల సంఖ్యకి కూడా హద్దు ఉంటుంది. మీ లైసెన్సు ఏం అనుమతిస్తుందో చూసుకుని కొనండి. ఎవరైనా "కాగితాలు అక్కర్లేదు, నేరుగా పంపుతాం" అని మెసేజ్ పెడితే మాకు తెలియజేయండి. ఇక్కడ అమ్మకాలు, కొనుగోళ్లు జరపకూడదు.

తొలిగురి · మూడో ఆదివారం, సాయంత్రం 5:20

ఆలస్యమైంది, క్షమించండి. మొదటి మ్యాగజైన్ తిరిగి పంపేశాను, ఫోటో చూసి మాట్లాడకుండా డబ్బు ఇచ్చేశారు. దాంతో ఇంకొంత కలిపి మెక్-గార్‌ది 13 తూటాలది ఒకటే కొన్నాను. పనిచేస్తే ఇంకోటి కొనాలని.

స్ప్రింగుచుట్ట గారు చెప్పిన రాసిపెట్టుకునే అలవాటు మొదలుపెట్టాను. ప్రతి మ్యాగజైన్ అడుగున తెల్ల పెయింటుతో అంకె వేశాను. 1 మామయ్యగారిది, 2 నున్నగా చేసింది, 3 కొత్తది. పుస్తకంలో ఒక్కోదానికి ఒక్కో పేజీ. ఈరోజు 2లో ఏడుసార్లు, 3లో ఎనిమిదిసార్లు నిండా నింపి కాల్చాను. 3 ఒక్కసారి కూడా తడబడలేదు, ఆఖరి తూటా తర్వాత స్లైడ్ ప్రతిసారీ వెనక్కి నిలబడింది. 2లో ఒకసారి మాత్రం స్లైడ్ నిలబడలేదు, మూసుకుపోయింది. ట్రిగ్గర్ రెండిట్లోనూ నున్నగానే ఉంది, 2లో మామయ్యగారిదాని కంటే కొంచెం తేడా తెలుస్తోంది అంతే.

1తో కాల్చలేదు. పెదవులు కొలిచాను, 3 కంటే అర మిల్లీమీటరు పైనే ఎక్కువ విచ్చుకున్నాయి. బాగుచేయించనా?

స్ప్రింగుచుట్ట · మూడో ఆదివారం, సాయంత్రం 6:41

2 స్లైడ్ నిలపకపోవడం ఒక్కసారే కాబట్టి ఇప్పుడే తీర్పు ఇవ్వకండి. ఫాలోయర్ అంచు స్లైడ్ స్టాప్‌ని (ఆఖరి తూటా తర్వాత స్లైడ్‌ని వెనక్కి నిలిపే మీటని) సరిగా ఎత్తుతోందా, మీ బొటనవేలు స్లైడ్ స్టాప్ మీద ఆనుతోందా, రెండూ చూడండి. ఇదే తప్పు మళ్లీ 2లోనే వస్తే మ్యాగజైన్‌ది. 3లో కూడా వస్తే పిస్టల్ వైపు, లేదా మీ పట్టు వైపు చూడాలి. ఆ పుస్తకం ఉన్నది అందుకే.

1ని పట్టకారు పెట్టి వంచొద్దు. పెదవులు వేడిచేసి గట్టిపరిచిన రేకు, వెనక్కి వంచితే సన్నటి పగులు పడి ఒకరోజు ఊడిపోతుంది. అనుభవమున్న గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసేవారు) దగ్గర సరైన అచ్చు పనిముట్టు ఉంటే చేయిస్తారు. తొందరేమీ లేదు.

బెల్జియంపిచ్చి · మూడో ఆదివారం, సాయంత్రం 7:15

తమ్ముడూ, నా మాట విను. 1ని అసలు బాగుచేయించకు. దాని మీద ఉన్న ఆ మెరుపు గీత మీ మామయ్యగారి వేలు ఎన్ని వేలసార్లు ట్రిగ్గర్ లాగితే పడిందో. తుడిచి, నూనె రాసి, పిస్టల్ పెట్టెలోనే పక్కన పెట్టు.

తొలిగురి · మూడో ఆదివారం, రాత్రి 8:02

అలాగే అన్నయ్యా. ఇప్పుడే తుడిచి పెట్టాను. అత్తయ్యకి ఆ గీత చూపిస్తే చాలాసేపు చేతిలోనే పట్టుకుని కూర్చుంది.

3 లాంటిదే ఇంకోటి రేపు ఆర్డర్ పెడుతున్నాను.